ఒక్క రోజూ నాగా లేదు

రెండేళ్ళ కిందట, మిరపకోతల కాలంలో, నేను అబద్ధపు హాజరు వేయడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఒక్క పేరుకే వేశాను. షారోన్ అనే పిల్లకు జ్వరమని ఎవరో చెప్తే, పోనీలే పాపం అనుకొని రిజిస్టరులో ‘పి’ అని రాశాను. జ్వరమూ కాదు, గిరమూ కాదు. ఆ పొద్దున షారోన్ మా ఇంటి ముందే ఆటో ఎక్కి కోతకు పోయింది. ఆ ఆటోను మాట్లాడింది మా అమ్మే.

మా అమ్మ ఇందిరమ్మ ముఠా మేస్త్రి. ఇరవై మందిని కూడగట్టి, రైతుతో మాట్లాడుకొని, తెల్లవారేసరికి చేనిలో దించి, మిరపకాయలు కోయించి, మళ్ళీ ఎవరి ఇంటికాడ వాళ్ళను దించే మనిషి. నేను మార్కాపురంలో ఒక చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మా ఊరు పెద్దారవీడు పక్కన. ఇంట్లో ఇద్దరమే. పొద్దున ఆమె చేనికి, నేను కాలేజీకి పోయేవాళ్ళం. జనవరి వచ్చేసరికి నా క్లాసు పిల్లల్లో చాలామంది ఆమె ఆటోలో ఉండేవాళ్ళు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. ఇప్పుడు డిగ్రీకి వచ్చే పిల్లలంతా కంప్యూటర్ల వైపే పోతున్నారు. కెమిస్ట్రీ అంటే ముఖం చిట్లిస్తారు. అందుకని ఎండాకాలం రాగానే లెక్చరర్లం కాళ్ళకు బలపాలు కట్టుకొని ఊళ్ళమీద పడి, ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ళకు పోయి, తల్లిదండ్రులను బతిమాలి చేర్పించుకోవడం మా దగ్గర ఆనవాయితీ. అటు బేస్తవారిపేట దాకా, ఇటు పుల్లలచెరువు దాకా తిరిగాను. అంత తిరిగినా దొరికింది ఎనిమిది మంది. వాళ్ళలో ఆరుగురు మా ఊరి వాళ్ళే, మా చర్చి వాళ్ళే, నా మాట కాదనలేక చేరినవాళ్ళు. ఏడోవాడు వంశీ, మా అమ్మ ముఠా ఏటా కోసే చేను ఆసామి మాలకొండయ్య కొడుకు. ఎనిమిదో పిల్ల అరుణ, పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా కూతురు. కోతల రోజుల్లో క్లాసుకు వచ్చేది అరుణ ఒక్కతే. ఆరుగురు కాయ కోస్తుంటే వంశీ కల్లంలో ఆ కాయను ఎండబెట్టించేవాడు.

ఒక్క పేరుకు మొదలైన ‘పి’ వారం తిరిగేసరికి ఏడు పేర్లకు పాకింది. వాళ్ళ మీద జాలి సగం, నా ఉద్యోగం మీద భయం సగం. ఏడాదికోసారి కొనసాగింపు కాగితం ఇస్తేనే నిలబడే ఉద్యోగం నాది. ఖాళీ బెంచీలు చూస్తే యాజమాన్యం ఊరుకోదు. అదీగాక ఆ పిల్లలకు హాజరు తక్కువైతే హాల్ టికెట్లు రావు. రోజూ అరుణ ఎదురుగా కూర్చుని నేను రాసేది చూసేది.

ఆ సెమిస్టరులో గ్రీన్ కెమిస్ట్రీ పేపరు ఉంది. చెత్త పుట్టాక ఎత్తిపోసుకోవడం కన్నా పుట్టకుండా చూసుకోవడం మేలని దాని మొదటి సూత్రం. నేను ఆ సూత్రం బోర్డు మీద రాసి, వెనక్కి తిరిగి రిజిస్టరులో ఏడు అబద్ధాలు రాసేదాన్ని. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అదీ నా సంగతి.

మార్చి మొదటి వారంలో ప్రిన్సిపాల్ పిలిపించాడు.

“గురువారం యూనివర్సిటీ నుంచి తనిఖీకి వస్తున్నారు మేడం. రామయ్య గారని, కెమిస్ట్రీ ఆయనే. క్లాసులో కూర్చుంటారంట. పిల్లలు లేని గ్రూపులు ఎత్తేయమని ఇప్పటికే రెండు కాలేజీలకు రాసినారంట. మీవి ఎనిమిది తలకాయలు. ఎనిమిదీ కనపడాల. లేదంటే గ్రూపు పోతాది, గ్రూపుతో పాటు మీరూ.”

ఆయన కఠినమైనవాడేం కాదు. ఉన్నమాట చెప్పాడు.

ఆ సాయంత్రం అమ్మ చేని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, అన్నం పెట్టుకుంటుంటే ఎదురుగా కూర్చున్నాను.

“అమ్మా, గురువారం పిల్లోళ్ళను నాకు వదిలిపెట్టు.”

“యాడికి?”

“కాలేజీకి. తనిఖీ ఉంది.”

“గురువారం కాదులే పాపా. మాలకొండయ్యన్నకు మాటిచ్చినా. శనివారానికల్లా ఎగువ చేను అయిపోవాల. మబ్బు పడతాదంటుండారు. తడిసిన కాయ ఎవురు కొంటారు?”

“వాళ్ళు రాకపోతే నా పని పోతాదమ్మా.”

అమ్మ ముద్ద కలపడం ఆపింది.

“నేను మాట తప్పితే నా పనీ పోతాది. వచ్చే ఏడు ఈ ముఠాను ఎవురు పిలుస్తారు? నేనొక్కదాన్నే అయితే నీకోసం తప్పిందునేమో. ఇరవై మంది కడుపులు నా నోటిని నమ్ముకోనుండాయి.”

ఆమెతో వాదించి లాభం లేదు. మా అమ్మకు మాట తప్పడం రాదు, అబద్ధం అసలే రాదు. ఒకసారి మా చిన్నమ్మ కూతురు తూకం పెరగాలని సంచి అడుగున పచ్చికాయ నింపింది. రైతు చూడకముందే అమ్మే ఆ సంచిని కల్లంలో బోర్లించి చూపించింది. ఆ పిల్ల తన పెళ్ళికి మమ్మల్ని పిలవలేదు. అమ్మ అందుకు బాధపడింది గానీ, సంచి బోర్లించినందుకు మాత్రం ఎప్పుడూ బాధపడలేదు.

మరుసటి రోజు సెలవు పెట్టి నేనే చేనికి పోయాను. మాలకొండయ్య గట్టు మీద తుండుగుడ్డ వేసుకొని కూర్చుని ఉన్నాడు. విషయం చెప్తే నవ్వాడు.

“కాలేజీ యాడికన్నా పారిపోతాదా మేడం? కాయ పారిపోతాది.”

“కాలేజీ పారిపోదు అన్నా. నీ కొడుకు డిగ్రీ పారిపోతాది.”

ఆయన నవ్వు ఆపి కల్లం వైపు చూశాడు. వంశీ తల వంచుకొని ఎండకు కాయ నెరపుతున్నాడు. క్లాసులకు పోకపోతే పరీక్షకు కూర్చోనీయరన్న సంగతి ఇంట్లో చెప్పలేదని నాకు అప్పుడర్థమైంది.

“ఏందిరా, నిజమేనా?” అన్నాడు మాలకొండయ్య.

“నిజమే నాయనా. నువ్వే గదా కల్లం ఇడిచిపెట్టి పోవద్దంటివి.”

ఆయన తుండుగుడ్డ దులిపి మళ్ళీ వేసుకున్నాడు. ఒక కొడుకును చదివించాలని ఆయనకూ ఉంది. చివరకు అమ్మే దారి చెప్పింది. గురువారం తెల్లవారుజామునే దిగి ఎనిమిది దాకా కోస్తారు. అక్కణ్ణుంచి అదే ఆటోలో మార్కాపురం పోతారు. పన్నెండున్నరకు తిరిగి బయల్దేరి సందెదాకా కోస్తారు. ఆటో వెంట తనూ వస్తుంది, లేకపోతే పిల్లలు టౌనులో సినిమాకో దేనికో తప్పుకుంటారని ఆమె అనుమానం.

అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు షారోన్ చేతులకు నూనె రాసుకుంటూ కనిపించింది. కోసి కోసి వేళ్ళు ఎర్రగా పొంగి ఉన్నాయి.

“నీళ్ళతో కడగరాదా?” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

“నీళ్ళకు పోదు మేడం, ఇంకా పాకతాది. ముందు నూనె పట్టిచ్చి గుడ్డతో తుడిచి, ఆ పైన సబ్బు పెట్టాల. ఇందిరమ్మ పెద్దమ్మే చెప్పింది.”

నాకు కొంచెం సిగ్గేసింది. కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఏది దేనిలో కరుగుతుందన్న పాఠాన్ని నేను పదేళ్ళుగా పుస్తకంలోంచి ఎత్తి బోర్డు మీద రాస్తున్నాను. చిన్నప్పుడు నా చేతులకూ అమ్మ ఇట్లాగే నూనె రాసింది. అయినా ఏ ఒక్క క్లాసులోనూ ఆ సంగతి చెప్పాలని నాకు తట్టలేదు.

తనిఖీ రోజుకు మాత్రం నేను వేరే గొప్ప ఆలోచన చేసుకున్నాను. ఆ రోజు పాఠం సూపర్‌క్రిటికల్ ఫ్లూయిడ్లు. మామూలు కార్బన్ డయాక్సైడ్‌ను తగినంత వేడిలో తగినంత ఒత్తిడిలో పెడితే అది అటు ద్రవమూ కాదు, ఇటు వాయువూ కాదు, రెంటి గుణాలూ ఉన్న ఒక స్థితికి వస్తుంది. అంత ఒత్తిడి పుట్టించే యంత్రం మా కాలేజీకి కలలో కూడా రాదు. కానీ దానికి ఒక మెట్టు కింది సంగతి చూపించవచ్చు. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, అంటే డ్రై ఐస్, ఒక గట్టి ప్లాస్టిక్ గొట్టంలో వేసి మూత బిగించి గోరువెచ్చటి నీళ్ళలో పెడితే కళ్ళముందే ద్రవంగా మారుతుంది. దాంట్లో నారింజ తొక్కు వేసి ఉంచితే తొక్కులోని నూనె దిగుతుంది. నేనే రెండుసార్లు చేసి చూసుకున్నాను. ఒంగోలులో ఐస్‌క్రీముల ఏజెంటు ఒకాయన డ్రై ఐస్ పెట్టె బస్సులో వేసి పంపిస్తానన్నాడు.

బస్సు తొమ్మిదిన్నరకు మార్కాపురం వస్తుంది. ఆ టైముకు నేను ప్రిన్సిపాల్ గదిలో ఉండాలి. అందుకని బుధవారం అమ్మతో చెప్పాను.

“బస్టాండు పార్శిల్ ఆఫీసులో నా పేరు మీద ఒక తెల్ల పెట్టె వస్తాది. పిల్లోళ్ళను కాలేజీ కాడ దించి, పెట్టె తీసుకొని రా. జాగర్త, దాంట్లో ఐసుంటాది.”

అంతే చెప్పాను. మూత తీయొద్దని చెప్పలేదు. ఒంగోలు బస్సులో తెల్ల థర్మకోల్ పెట్టె దిగిందంటే మా వైపు దానికి ఒకటే అర్థమన్న సంగతి నాకు గుర్తుకు రాలేదు.

గురువారం తొమ్మిదింబావుకు ఆటో వచ్చింది. ఏడుగురూ దిగారు. స్నానాల్లేవు, చేని బట్టల మీదే పైన ఒక చొక్కాయో చున్నీయో వేసుకొని వచ్చారు. వాళ్ళు వరండాలో నడుస్తుంటే పక్క గదుల్లో దగ్గులు మొదలయ్యాయి. రామయ్య గారు అప్పటికే ప్రిన్సిపాల్ గదిలో కాఫీ తాగుతున్నారు. అరవై దాటినాయన, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. క్లాసులో అడుగు పెట్టగానే మూడుసార్లు తుమ్మి, “ఏమిటమ్మా, ప్రాక్టికల్స్ ఇక్కడే చేశారా?” అన్నారు. పిల్లలు కిందికి చూసి నవ్వుకున్నారు. ఆయన ఆఖరి బెంచీలో ప్రిన్సిపాల్ పక్కన కూర్చున్నారు.

నేను గోరువెచ్చటి నీళ్ళు, గొట్టాలు, నారింజ తొక్కు అన్నీ బల్ల మీద పెట్టుకొని పెట్టె కోసం చూస్తున్నాను. పదికి ఐదు నిమిషాలుండగా అమ్మ వచ్చింది. చంకలో పెట్టె. దాని మూత లేదు. నన్ను గుమ్మం దగ్గరికి రమ్మని సైగ చేసి చెవిలో చెప్పింది.

“పాపా, మోసం జరిగింది. చేపలు కొట్టేసినారు. ఉత్త ఐసు పంపినారు. అదిగూడా పాడు ఐసు, పొగలొస్తాండాది, చెయ్యి పెడితే చురుక్కుమనింది. ఆ పార్శిలాయన్ను కడిగేసి వచ్చినా.”

“ఐసేది?”

“పారబోసినా. ఎవురన్నా పిల్లోళ్ళు తొక్కుతారని కాలవలో పోసినా.”

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ పార్శిల్ ఆఫీసు మనిషికి ఎందుకు తిట్లు పడ్డాయో పాపం ఆయనకూ తెలియదు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వెనక రామయ్య గారు గడియారం చూసుకుంటున్నారు. “సరేలే, ఈడ్నే కూచో” అని అమ్మకు గుమ్మం పక్కన స్టూలు చూపించి బోర్డు దగ్గరికి పోయాను. చేతిలో చాక్‌పీసు తప్ప ఏమీ లేదు.

ఏం చెప్పాలో తోచక పిల్లల వైపు చూస్తే, షారోన్ వేళ్ళు ఒకదానికొకటి రాసుకుంటోంది.

“షారోన్, చేతులు మండుతున్నాయా?”

“మండుతున్నాయి మేడం.”

“ఏం రాశావు?”

“నూనె.”

“నీళ్ళెందుకు కాదు?”

ఆమె చెప్పింది. పక్క పిల్ల ఇంకొంచెం చెప్పింది. అక్కణ్ణుంచి క్లాసు దానంతటదే నడిచింది. కారాన్ని నూనె లాగుతుంది, సరే, మరి ఆ నూనెలోంచి కారాన్ని మళ్ళీ ఎట్లా విడదీస్తావు? ఫ్యాక్టరీల్లో హెక్సేన్ వాడతారు. అది రంగునూ కారాన్నీ లాగేస్తుంది, కానీ తన జాడ సరుకులో కొంత మిగిల్చిపోతుంది, పనిచేసేవాళ్ళ ఊపిరిలోకీ పోతుంది. లాగే గుణం ఉండాలి, పని అయ్యాక మిగలకూడదు. అట్లాంటిది ఏముంది?

“మనం వదిలే గాలే మేడం” అన్నాడు వంశీ. “కార్బన్ డయాక్సైడ్.”

“ఎప్పుడు?”

“ముప్పై ఒక్క డిగ్రీ దాటాల. ఒత్తిడి మామూలు గాలికి డెబ్బై మూడు రెట్లుండాల.” మళ్ళీ తనే, “ముప్పై ఒకటికి మనం కష్టపడేదేం లేదు మేడం, ఫిబ్రవరిలోనే వస్తాది” అన్నాడు. రామయ్య గారు నవ్వారు.

ఆ స్థితిలో అది గాలిలాగా కాయ సందుల్లోకి దూరుతుందని, నూనెలాగా కరిగించుకుంటుందని, పని అయ్యాక ఒత్తిడి వదిలేస్తే మళ్ళీ గాలైపోయి కారాన్ని మాత్రం మనకు వదిలి వెళ్తుందని, ఆ గాలిని పట్టి మళ్ళీ వాడుకోవచ్చని చెప్పాను. షారోన్ చెయ్యి ఎత్తింది.

“అది మా చేతులకు పెడితే మంట పోతాదా మేడం?”

“ఆ ఒత్తిడికి చేతులే పోతాయి.”

అందరూ నవ్వారు. స్టూలు మీద అమ్మ కూడా, ఏమీ అర్థం కాకపోయినా, అందరితో పాటు నవ్వింది. రామయ్య గారు ఉండబట్టలేక తనే ప్రశ్నలు మొదలుపెట్టారు. కాఫీ గింజల్లోంచి కెఫీన్ ఎట్లా తీస్తారు, నీటిని అదే స్థితికి తేవాలంటే ఎందుకంత వేడి కావాలి అని. పిల్లలు చెప్పారు. అన్నీ సరిగ్గా చెప్పలేదు, కానీ బట్టీ పట్టినట్టు చెప్పలేదు. వాళ్ళు రాత్రిళ్ళు మా ఇంటి వరండాలో కూర్చుని నా నోట్సు చదువుకునేవాళ్ళు, అది వేరే సంగతి. పదేళ్ళలో నేను చెప్పిన క్లాసుల్లో అదే మంచి క్లాసు.

ఆయన లేచి రిజిస్టరు తెమ్మన్నారు. పేజీలు తిప్పి, “హాజరు కూడా బ్రహ్మాండంగా ఉందే. ఈ సీజనులో ఈ వైపు కాలేజీలు ఖాళీగా ఉంటాయని విన్నాను” అన్నారు. ప్రిన్సిపాల్ ముఖం వెలిగింది. గ్రూపు నిలిచిందని నాకూ ధైర్యం వచ్చింది.

ఆయన గుమ్మం దాటబోతూ అమ్మను చూసి మర్యాదకు పలకరించారు.

“మీరెవరమ్మా?”

అమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది. “ఈ పిల్లోళ్ళ మేస్త్రిని సార్.”

“మేస్త్రి అంటే?”

“మిరపకాయల ముఠా సార్. పన్నెండున్నరకు మళ్ళా చేనికి తోలుకోని పోవాల.”

“ఓహో. సెలవుల్లో పోతుంటారా?”

అక్కడ మా అమ్మ పొరపాటు పడింది. ఈ పెద్దసారు పిల్లలు మంచివాళ్ళా కాదా అని కనుక్కోవడానికి వచ్చాడని, తన నోటితో నాలుగు మంచి మాటలు చెప్తే వాళ్ళకు మేలవుతుందని అనుకుంది. మేస్త్రి ఎవరినైనా మెచ్చుకునేటప్పుడు చెప్పే మాట ఒకటే ఉంటుంది. అదే చెప్పింది.

“సెలవులేంది సార్. జనవరి నుంచీ నా కాడనే ఉండారు. ఒక్క రోజూ నాగా పెట్టలేదు. ఆదివారం చర్చికి తప్ప ఇంటికాడ కూచున్నది లేదు. ఆ వంశీబాబు గూడా అంతే, పొద్దుగూకులూ కల్లం ఇడిచిపెట్టడు. ఇట్లాంటి బుద్ధిమంతులు మీకు యాడా దొరకరు సార్.”

పిల్లలు బెంచీల వైపు చూస్తున్నారు. ప్రిన్సిపాల్ నన్ను చూస్తున్నాడు. రామయ్య గారు చంకలో పెట్టుకున్న రిజిస్టరు మళ్ళీ తెరిచి, జనవరి పేజీ, ఫిబ్రవరి పేజీ నిదానంగా చూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, అమ్మకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగారు.

“పెద్దావిడ కదా. నెలలూ రోజులూ సరిగా గుర్తుండవేమో?”

ఆయన నాకు దారి ఇస్తున్నారని తెలుస్తూనే ఉంది. అవును సార్ అంటే చాలు, ఆయన నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. క్లాసు ఆయనకు అంత నచ్చింది. నేను అమ్మ వైపు చూశాను. నాలుగు మంచి మాటలు చెప్పానన్న తృప్తితో నిలబడి ఉంది.

“బాగా గుర్తుంటాయి సార్” అన్నాను. “ఆమె మా అమ్మ. ఆమె చెప్పింది నిజం. రిజిస్టరు నేనే రాశాను. పిల్లలు నన్ను రాయమని అడగలేదు.”

ఆయన పెన్ను జేబులో పెట్టుకొని రిజిస్టరు మూశారు. ప్రిన్సిపాల్ గదిలోకి పోయాక తేల్చి చెప్పారు. పరీక్షలకు ఇంకా ఐదు వారాలుంది. పొద్దున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు అదనపు క్లాసులు పెట్టి లోటు పూడ్చాలి. అవి నిజంగా జరిగితే హాల్ టికెట్లు ఆపొద్దని తను రాస్తారు. ఈ ఎనిమిది మంది డిగ్రీ అయ్యేదాకా గ్రూపు ఉంటుంది.

“పిల్లల సంగతి నేను చూడగలను. మీ సంగతి నేను చూడలేనమ్మా. రాయక తప్పదు” అన్నారు. పోతూ పోతూ, “పాఠం బాగుంది” అని కూడా అన్నారు.

తిరుగు ఆటోలో అమ్మ మాత్రం ఉషారుగా ఉంది.

“ఆ సారు మంచోడు పాపా. పిల్లోళ్ళ గురించి బాగానే చెప్పినా గదా?”

“బాగా చెప్పినావు” అన్నాను.

షారోన్ ఏదో అనబోతే కళ్ళతోనే వద్దన్నాను.

అదనపు క్లాసులు నేనే తీసుకున్నాను. అందుకు అమ్మ ఆరుగురినీ వదులుకోవాల్సి వచ్చింది. ‘పరీక్షలు దగ్గరికొచ్చినాయి’ అని నేను చెప్పింది విని మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. ఎగువ చేను శనివారానికి కాలేదు, సోమవారానికయింది. మబ్బు పట్టింది గానీ వాన పడలేదు. మాలకొండయ్య గొణిగాడే తప్ప గట్టిగా ఏమీ అనలేదు. తగ్గిన చేతుల పని అమ్మ తనే చేసింది, చీకటి పడేదాకా కోసి, ఇంటికొచ్చి అన్నం తినకుండానే పడుకునేది. ఏప్రిల్లో నాకు కాగితం వచ్చింది. యాజమాన్యం కొనసాగించడం లేదని రెండు వాక్యాల్లో రాశారు. అమ్మతో గవర్నమెంటు కొత్త రూలు వచ్చి పోస్టు తీసేశారని చెప్పాను. అట్లనా, అంది. ఎనిమిది మందీ పరీక్షలు రాశారు. ఎనిమిది మందీ పాసయ్యారు. కెమిస్ట్రీలో షారోన్‌కు నాకప్పట్లో వచ్చిన మార్కుల కన్నా ఎక్కువ వచ్చాయి. ఆ కాలేజీలో కొత్తగా కెమిస్ట్రీకి ఎవరినీ చేర్చుకోలేదు. నేను జూన్‌లో గిద్దలూరులో ఒక జూనియర్ కాలేజీలో కుదురుకున్నాను. ఇప్పటికీ అక్కడే చెప్తున్నాను.

కానీ ఏప్రిల్ ఆఖరులో నాకింకా ఏ పనీ లేదు. మాలకొండయ్య దిగువ చేనులో ఆఖరి కోత మిగిలి ఉంది. ముఠాలో మనుషులు తక్కువయ్యారని, ఊరికే ఇంట్లో కూర్చోవడం ఎందుకని అమ్మ నన్ను రమ్మంది. పదిహేనేళ్ళ తర్వాత చేనిలో దిగాను. నన్ను తన పక్క సాలులోనే పెట్టుకుంది. ఆఖరి కోత కాయ చిన్నది, వెతికి కోయాలి. నేను వెనకబడుతుంటే తన సాలు వదిలి నా సాలులో కూడా నాలుగు చెట్లు కోసి పెట్టేది.

ఎండ ఎక్కుతుండగా, తల ఎత్తకుండానే అడిగింది.

“ఆ పొద్దు నేను ఆ సారుతో అన్న మాటకే గదా నీ పని పోయింది?”

నా చేతులు ఆగిపోయాయి. “ఎవురు చెప్పినారు? షారోనా?”

“ఎవురూ చెప్పలా. నీ మొగం చూసినా. ఆ సారు పుస్తకం మళ్ళా తీసినప్పుడే అర్థమయింది, ఏందో తప్పు మాట్లాడినానని. అందుకే ఆటోలో నిన్ను అడిగినా. ఏందనేది ఇంటికొచ్చినాక అర్థమయింది.”

ఏడు వారాలు. ఏడు వారాలుగా ఆమెకు తెలుసు. ఆటోలో బాగా చెప్పినా గదా అన్న మనిషి, ఆ రాత్రికే తెలుసుకొని, పొద్దున్నే లేచి చేనికి పోయింది. నేను చెప్పిన గవర్నమెంటు రూలు కథకు అట్లనా అంది. నాకు ఆమె మీద కోపం వచ్చింది, ఎందుకో తెలియని కోపం.

“నువ్వు నిజమే గదమ్మా చెప్పింది. అబద్ధం రాసింది నేను.”

“అవును. నువ్వే రాసినావు” అంది అమ్మ. నా మీద జాలిపడి ఒక్క అక్షరం కూడా తగ్గించలేదు. ఇంకో రెండు చెట్లు కోసింది. నేను కూడా కోశాను. తర్వాత అంది, “తెలిసింటే నేనూ చెప్పేదాన్ని.”

“ఏంది?”

“అబద్ధం. ఆ పిల్లోళ్ళు నాకు తెలీదందును. ముఠా లేదు ఏం లేదు, ఊరికే వచ్చినానందును. నువ్వు ముందే ఒక్క మాట చెప్పింటే అట్లనే అందును.”

చిన్నమ్మ కూతురి సంచి బోర్లించిన మనిషి ఈ మాట అంటోంది. అన్నాక కూడా అమ్మ తలెత్తలేదు, చేతులు మాత్రం కోస్తూనే ఉన్నాయి. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. తుడుచుకోబోయాను.

“చెయ్యి పెట్టబాక కండ్లల్లో” అంది అమ్మ. “కారం. కారిపోనీ, అదే ఆగిపోతాది.”